పక్క మిద్దెకి చెప్పు

కామేశానికి శాఖలంటే పిచ్చి. చెట్టుకుండేవీ, ఆఫీసుకుండేవీ కూడా. పగలంతా కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా కాకినాడలో సముద్రం వైపు వీధులకి వెలుగు పంచేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని 'మిద్దె మిత్రులు' అనే ఆన్‌లైన్ బృందానికి క్రమశిక్షణ పంచేవాడు. మొదటిదానికి జీతం వచ్చేది, రెండోదానికి చీవాట్లు.

మిద్దె మిత్రులంటే డాబా మీద కుండీల్లో కూరగాయలు పండించుకునే సరదా ముదిరి పాకాన పడినవాళ్ళు. పదకొండేళ్ళ కిందట ఈ బృందం మొదలుపెట్టినప్పుడు కామేశం "మనం తోటివాళ్ళం కాదండీ, తోటవాళ్ళం" అని గుమ్మం మీద రాసినట్టు రాసి పెట్టాడు. ఆ మాట జనానికి నచ్చింది. నచ్చి వచ్చారు. వచ్చి వాగారు. టమాటా ఆకు ఎందుకు ముడుచుకుందని ఒకాయన అడిగితే, ఒకావిడ టమాటా పప్పులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో చెప్పేది. ఇంకొకాయన ఆ ఇంగువ తన గ్యాసుకి ఎలా పనిచేసిందో వర్ణించేవాడు. గ్యాసు మాట వినగానే నాలుగో ఆయన తనకి బండ రాలేదని ఏడ్చేవాడు. ఆకు సంగతి ఆకాశానికి పోయేది.

కామేశం తట్టుకోలేక బృందాన్ని శాఖలుగా కొట్టాడు. టమాటాకి ఒక శాఖ, వంకాయకి ఒకటి, బెండకి ఒకటి, చివరికి కొత్తిమీరకీ కరివేపాకుకీ కూడా చెరొకటి.

"పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇన్ని శాఖలు చూడరండీ" అంది అతని భార్య శేషారత్నం.

శాఖలొచ్చాక గొడవ తగ్గిందా అంటే, తగ్గలేదు, పంపకం జరిగింది. నిమ్మ శాఖ నిమ్మళంగా ఉండేది గానీ పొట్ల శాఖలో నిత్యం పొట్లాటే. వంకాయ శాఖ నిండా వంకలు. చిక్కుడు శాఖలో ఒకళ్ళ ప్రశ్నకి ఇంకొకళ్ళ జవాబు చుట్టుకుని ఎవరికీ కొస దొరికేది కాదు. అయినా కామేశం వెనక్కి తగ్గలేదు. ఏ మాట ఆ శాఖలోనే అన్నది చట్టం. రాసిన ప్రతి ముక్క కింద వీధి పేరు ఉండాలన్నది ఇంకో చట్టం; ఫ్యూజు పోయిందని ఫోన్ చేసేవాణ్ణి అడ్రసు అడిగీ అడిగీ పడిన అలవాటు. చట్టం తప్పిన రాతలన్నీ 'చెత్తకుండీ' అనే మూలకి పోయేవి. శనివారం సాయంత్రం కామేశం ఆ కుండీని తన చేత్తో తుడిచేసేవాడు.

అదే ఊపులో పిచ్చాపాటి శాఖని కూడా మూసేశాడు. అందులో మొక్కల సంగతి తప్ప లోకంలో ఉన్న సంగతులన్నీ ఉండేవి. ఆ శాఖకి పెద్ద దిక్కు శేషారత్నం.

"ఏవండీ, ఐస్ ఫ్యాక్టరీ వీధి జుబేదా లేదూ, వాళ్ళత్తగారికి కంటాపరేషన్ అయింది. ఎలా ఉందో ఎక్కడ అడగను?"

"ఫోన్ చేసి అడుగు."

"అందరం అడగాలి కదా. అందరూ ఫోన్లు చేస్తే ఆవిడ కళ్ళు బాగవుతాయి, చెవులు పోతాయి."

"కంటి విషయం కాబట్టి పొన్నగంటి శాఖలో అడుగు."

శేషారత్నం నవ్వలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో కామేశం జోకు వేస్తే ఆవిడ కనీసం విసుక్కునేది. ఈసారి అదీ లేదు. ఆ రోజు నుంచి బృందంలో ఒక్క ముక్క రాయలేదు. మిద్దె మీద తన కాకరపందిరి, తన బచ్చలి, ఏళ్ళ నాటి తన దొండపాదు, వాటితోనే మాట్లాడుకునేది. అవి జవాబు చెప్పవన్న సంగతి ఆవిడకి అడ్డు కాలేదు.

అవి జవాబు చెప్పే రోజు కూడా వచ్చింది. తెచ్చింది వాళ్ళమ్మాయి హైమ. ఊరి చివర మొక్కల పరిశోధన కేంద్రంలో దానికి ఉద్యోగం. ఒక ఆదివారం ఉదయం టిఫిను డబ్బాలాంటి పెట్టె పట్టుకుని తిన్నగా మిద్దె ఎక్కింది. పెట్టెలోంచి తపాలా బిళ్ళంత పొర తీసి, ఒక కాకర ఆకు వెనకాల అంటించింది.

"డాక్టరు గుండె మీద తీగలంటించి గీతలు చూస్తాడు కదా నాన్నా. ఆకులో కూడా సన్నగా కరెంటు పారుతుంది. మొక్కకేదైనా అయితే దాని నడక మారుతుంది. ఈ ఆకుచెవి ఆ నడక విని మాటగా చెబుతుంది."

"కరెంటంటున్నావు, మీటరేదే?"

హైమ ఫోన్ చూపించింది. అందులో 'కాకర: దాహం' అని ఉంది.

శేషారత్నం చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. కాసేపటికి ఫోన్‌లో 'చాలు' అని పడింది. ఆవిడ చెంబు పక్కన పెట్టి, "ఈ ఇంట్లో నేను వడ్డిస్తే చాలన్న మొదటి ప్రాణి ఇదే" అంది.

అంతవరకూ బాగానే ఉంది. కూరకని ఒక కాయ తుంచగానే 'గాయం' అని వచ్చింది. ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అది మన నొప్పిలాంటిది కాదమ్మా. ఇక్కడ తెగింది, మూసుకోవాలి అని తనకి తను చెప్పుకుంటోంది, అంతే."

"అంతేనా?"

"అంతే అనుకుంటున్నాం."

ఆ అనుకోవడం శేషారత్నానికి సరిపోలేదు. ఆ పూట ఇంట్లో కూర లేదు. పెరుగన్నంలోకి ఆవకాయ నంజుకుంటూ "కాయకి గాయమైతే మన కాయానికి ఉపవాసమా" అని కామేశం గొణిగాడు.

పరిశోధన కేంద్రం మిద్దె మిత్రులందరికీ ఆకుచెవులు పంచడానికి ఒప్పుకుంది. మొక్కలు చెప్పేవి నేరుగా బృందంలోనే పడతాయి. ఏ శాఖలో పడాలన్నదే ప్రశ్న.

"ఎవరి శాఖలో వాళ్ళు. టమాటాలు టమాటా శాఖలో, వంగలు వంగ శాఖలో" అన్నాడు కామేశం.

"అన్నీ ఒకచోట ఉంచితే నయమేమో నాన్నా" అంది హైమ.

"అన్నిటినీ కలుపు అంటావు. కలుపు అంటే ఏమిటో తోటవాడికి చెప్పాలా?"

తండ్రితో వాదించి గెలవచ్చు గానీ, శ్లేషతో వాదించి గెలవలేమని హైమకి చిన్నప్పుడే తెలుసు.

మొదటి వారాలు పండగలా సాగాయి. జామ జాముకోసారి దాహమనేది. మునగ మొదట్లో నీళ్ళు నిలిస్తే మునిగిపోతున్నట్టు గోల పెట్టేది. టమాటా శాఖ పెద్ద పెనుమత్స జగ్గరాజుగారు సర్వే ఆఫీసులో రిటైరైన మనిషి. ఏది కనపడినా సబ్‌డివిజన్ చెయ్యాలనిపిస్తుంది. "నాటు టమాటా మాటలూ చెర్రీ టమాటా మాటలూ ఒకచోట వినబడకూడదండి. చెర్రీకి అవమానమండి, ఆయ్" అని పట్టుబట్టి ఉపశాఖ వేయించుకున్నారు. కామేశం సంతోషంగా వేసిచ్చాడు.

ఏప్రిల్ ఎండలు ముదిరాక కొన్ని మొక్కలు కొత్త మాటేదో అన్నాయి. ఆకుచెవికి ఆ నడక తెలీదు. అందుకని 'అర్థం కాలేదు' అని రాసి ఊరుకునేది. టమాటా శాఖలో ఒకటి, బెండ శాఖలో ఒకటి, మందార శాఖలో రెండు. ఏ శాఖకి ఆ శాఖలో చూస్తే నలుసంత సంగతి. అర్థంలేని రాతకి శాఖలో చోటు లేదు కాబట్టి కామేశం తీసి చెత్తకుండీలో వేశాడు.

తర్వాత మొక్కలు చావడం మొదలైంది.

టమాటా ఆకు ముడుచుకుంది. టమాటా శాఖ ఆకుముడత అంది. బెండ ఆకు పసుపెక్కింది. బెండ శాఖ పల్లాకు తెగులంది. జామాకు నల్లబడింది, ఎదురింటి జనరేటరు పొగ అని జామ శాఖ తేల్చింది. ఎవరి మందు వాళ్ళు కొట్టుకున్నారు, ఎవరి మొక్కలు వాళ్ళు పోగొట్టుకున్నారు. ఆపైన నిందలు. టమాటావాళ్ళు వంకాయవాళ్ళ నారు వల్లే వచ్చిందన్నారు. వంకాయవాళ్ళు బెండవాళ్ళ విత్తనాల మీదికి తోశారు. బెండవాళ్ళు ఊరుకుంటారా, అందరి బెండూ తీశారు. విత్తనాలిచ్చి పుచ్చుకోవడం ఆగిపోయింది. ఆఖరికి జగ్గరాజుగారు అందరికీ కనపడేట్టు ఒక తీర్మానం పెట్టారు: ఆదివారం సాయంత్రం ఓటు, నెగ్గితే మిద్దె మిత్రులు రద్దు, ఏ కాయ బృందం ఆ కాయది.

కామేశం ఫోన్ చేశాడు. "వేరు పడితే ఎలాగండీ రాజుగారూ? మొక్కకి వేరు ఉండాలిగానీ, మనం వేరు పడకూడదు."

"మీ మాటలు బావుంటాయండి కామేశంగారూ. మొక్కలే బావులేవండి" అన్నారు జగ్గరాజుగారు. "హద్దురాళ్ళు వేసేసుకుందామండి. నిన్న మా చెర్రీ మొక్క 'దాహం' అంటే, కిందన ఎవడో వంకాయవాడు 'చావనీ' అని రాశాడండి. ఇంక కలిసుండి ఏం చేస్తామండి?"

హైమ ఫోన్ చేసి ఇంకో సంగతి చెప్పింది. కేంద్రం ఆకుచెవులు ఇచ్చింది ఒక్క బృందానికి. అది ముక్కలైతే అన్నీ వెనక్కి తీసుకుంటుంది. చావులకి కారణం ఎప్పటికీ దొరకదు. కామేశం లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. పదకొండేళ్ళుగా ఊళ్ళో అతను ఏ వీధికి వెళ్ళినా స్తంభం దగ్గర ఆగితే ఎవరో ఒకరు "కామేశంగారూ, కాఫీ తాగెళ్ళండి" అని మిద్దె మీంచి కేకేసేవారు. ఈ వారం ఒక్కరూ కేకెయ్యలేదు.

శనివారం సాయంత్రం చెత్తకుండీ తుడవడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ అందులో ఏముందో చదవడు, చెత్తని చదివేదేముంది. ఇదే ఆఖరిసారేమోనన్న దిగులుతో ఆ పూట చదివాడు.

కుండీలో శాఖలు లేవు. వచ్చినవి వచ్చినట్టు ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. బీచ్ రోడ్డు మందార: అర్థం కాలేదు. బీచ్ రోడ్డు టమాటా: అర్థం కాలేదు. చేపలబజారు వీధి బెండ: అర్థం కాలేదు. ఐస్ ఫ్యాక్టరీ వీధి జామ, ఐస్ ఫ్యాక్టరీ వీధి పుదీనా, దాని వెనక సందు వంగ.

కామేశం వెన్ను నిటారుగా అయింది. ఇలాంటి వరస అతను రోజూ ఆఫీసులో చూస్తాడు. గాలివానలో లైను తెగితే ఫోన్లు ఇలాగే వస్తాయి, ఒక స్తంభం తర్వాత ఒక స్తంభం. ఏదో సముద్రం వైపు నించి బయల్దేరి వీధి వీధీ దాటుకుంటూ వస్తోంది. చచ్చిపోయిన మొక్కల వీధులు గుర్తుచేసుకున్నాడు. అవీ అదే దారిలో, ఒకటి రెండు రోజులు వెనకగా నడిచాయి.

"రత్నం, ఒకసారి ఇలా రా."

శేషారత్నం వచ్చి, నిలబడే చదివింది. చదువుతుంటే ఆవిడ కనుబొమలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

"ఇది మా పిచ్చాపాటిలా ఉందేమిటండీ. మందార పక్క వీధి బెండకి చెప్పింది, బెండ జుబేదావాళ్ళ పుదీనాకి చెప్పింది. మీ టమాటాలు టమాటాలతో మాట్లాడుకోవడం లేదు. పక్కింటివాళ్ళతో మాట్లాడుకుంటున్నాయి."

కామేశం శాఖలన్నిటికీ ఒకేసారి షాకు కొట్టింది. మొక్కలకి తమ శాఖేదో తెలుసు. దాన్ని అతను ముక్కలు ముక్కలుగా తెంపి, ప్రతి ముక్కనీ చెత్త అని పారేశాడు.

ఆదివారం పొద్దున్నే తల్లీ తండ్రీ ఇద్దరూ హైమ ప్రయోగశాలలో ఉన్నారు. హైమ బీచ్ రోడ్డు నించి తెచ్చిన ముడుచుకున్న టమాటాని ఒక గాజు పెట్టెలో పెట్టింది. ఇంకో పెట్టెలో నవనవలాడే వంగ. రెంటికీ మధ్య గొట్టం, గొట్టంలో చిన్న ఫ్యాను. ఫ్యాను వెయ్యగానే వంగ 'అర్థం కాలేదు' అంది. ఆపితే ఊరుకుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంది.

"వాసన" అంది హైమ. "మన ముక్కుకి అందదు. టమాటా ఏదో వాసన వదులుతోంది, వంగ అది పట్టుకుని తనూ వదులుతోంది."

భూతద్దం కింద టమాటా ఆకు తిప్పి చూపించింది. ఉప్పు రవ్వలో సగం ఉన్న పురుగులు, తెల్లదోమకి వరసకి తమ్ముళ్ళు, వరసలు కట్టి కూర్చున్నాయి. వాటిని జామాకు మీద వదిలితే మసి, బెండాకు మీద వదిలితే పసుపు.

"అయితే మూడు తెగుళ్ళు కావన్నమాట" అన్నాడు కామేశం. "ఒకే దొంగ, మూడు పోలీస్ స్టేషన్లలో మూడు పేర్లు."

వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి ముందే కొడితే ఆ పురుగు ఆకు మీద నిలవలేదు, జారిపోయింది. పురుగు వాలాక కొడితే లాభం లేదు. మరీ ముందు కొడితే ఎండకి ఆ నూనె ఆరిపోతుంది. రోజూ కొడితే ఆకు మాడుతుంది. పురుగు వచ్చే పూటే కొట్టాలి. ఇళ్ళ సందుల్లో గాలి ఎటు తిరిగి ఏ పూట ఏ వీధికి వస్తుందో మనిషికి తెలీదు. మొక్కకి తెలుసు, పక్క మొక్క చెబుతుంది కాబట్టి.

"ఇంకేం, మాట వినపడగానే కొట్టేద్దాం" అంది శేషారత్నం.

హైమ వంగకి నూనె కొట్టి, దాని అవతల మూడో మొక్క పెట్టింది. ఫ్యాను వేసింది. మూడో మొక్క దగ్గర ఆకుచెవి ఖాళీగా ఉండిపోయింది.

"నూనె కొడితే మొక్క బతుకుతుందమ్మా. కానీ మూగబోతుంది. వాసన బయటికి రాదు. అందరూ కొట్టుకుంటే ఆ వీధి బాగుంటుంది, వెనక వీధికి మాట చేరదు. ఎక్కడో ఒక మిద్దె కొట్టకుండా ఉండాలి."

"ఉంటే?"

"దాని మీద పురుగు వాలుతుంది. వాలినంతసేపూ అది అరుస్తుంది. గుడ్లు పెట్టాక మనమే వేళ్ళతో సహా పీకి, సంచుల్లో కట్టి కాల్చెయ్యాలి."

ఈ పూట మాట ఎక్కడిదాకా వచ్చిందో ముగ్గురికీ తెలుసు. తర్వాతిది లైబ్రరీ వీధి. ఆ వీధి తూర్పు చివర, మైదానం మీంచి వచ్చే గాలి మొదట తగిలేది వాళ్ళ మిద్దెకే. దాని వెనకాల ఊరంతా ఉంది.

కామేశం నోరు తెరిచాడు. ఇలాంటప్పుడు తేలిక చెయ్యడానికి అతని దగ్గర ఎప్పుడూ ఒక మాట ఉండేది. వెతుక్కున్నాడు. దొరకలేదు.

"ఎన్ని వీధులకి చేరుతుంది?" అంది శేషారత్నం.

"నాలుగైదింటికి."

"ఆ తర్వాత?"

"అక్కడ ఇంకెవరైనా ఉంచాలమ్మా."

ఆవిడ చెంగుతో మెడ తుడుచుకుంది. "సరే. ఆ ఫోన్ మాత్రం నా దగ్గర ఉంచు. అవి ఏమంటాయో నేను చదవాలి. చదవకుండా వదిలేస్తే బావుండదు."

వెనక్కి వస్తూ హైమ కారులో కూర్చున్నచోటే ఆకుచెవికి ఆ కొత్త నడక నేర్పింది. ఇకనించి అది 'అర్థం కాలేదు' అని రాయదు. 'పక్క మిద్దెకి చెప్పు' అని రాస్తుంది.

ఓటు వేళకి అందరూ బృందంలోకి వచ్చారు. కామేశం జరిగింది జరిగినట్టు రాశాడు, చెత్తకుండీ సంగతితో సహా. కింద రెండు వాక్యాలు చేర్చాడు: "ఈ పూట ఓటు లేదు, శాఖలూ లేవు. ఎవరి వీధిలోకి వాళ్ళు పదండి." రాసి, పదకొండేళ్ళు పెంచిన శాఖలన్నీ మొదలంటా నరికాడు. వాటి స్థానంలో వీధుల పేర్లు మొలిచాయి.

ముందు గోల లేచింది. మా చిక్కుడు శాఖ ఏదండీ అని ఒకళ్ళు. మా ఉపశాఖండి అని జగ్గరాజుగారు. మా వీధిలో నాకు పడనివాడు ఉన్నాడు, నేను పక్క వీధిలో కూర్చోవచ్చా అని ఇంకొకరు. అప్పుడు ఐస్ ఫ్యాక్టరీ వీధిలోంచి జుబేదా రాసింది. టైలరింగ్ చేసుకునే మనిషి, ఎప్పుడూ రెండు ముక్కలకి మించి రాయదు.

"మా మిద్దె మీద ఇప్పుడు ఏమీ లేదు. పుదీనా మూడు రోజుల కిందటే చెప్పిందంట. ఎవరం వినలేదు. నా దగ్గర స్ప్రే డబ్బా ఉంది, చేతులు ఖాళీ. రేపు ఎవరింటికి రావాలో చెప్పండి. రత్నమ్మక్కా, అత్తకి కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి."

గోల ఆగిపోయింది. ఒక్కొక్కరే వేపనూనె ఎవరింట్లో ఎంతుందో రాయడం మొదలుపెట్టారు.

సోమవారం పొద్దెక్కాక గాలి తిరిగింది. శేషారత్నం మిద్దె మీద కాకరపందిరి కింద పీట వేసుక్కూర్చుంది. మొదట దొండపాదు చెప్పింది: పక్క మిద్దెకి చెప్పు. తర్వాత బచ్చలి. తర్వాత కాకర, ఒకటి కాదు, పందిరంతా. అవతల లైబ్రరీ వీధి, గుడి సెంటరు, పాత పోస్టాఫీసు వీధి ఒక్కొక్కటే అందుకున్నాయి. మిద్దెల మీద మనుషులు కనపడ్డారు. చీరచెంగులు దోపుకున్నవాళ్ళు, లుంగీలు ఎగ్గట్టినవాళ్ళు, ఆఫీసుకి సెలవు పెట్టినవాళ్ళు. జుబేదా డబ్బా భుజాన వేసుకుని ఒక మిద్దె దిగి ఇంకో మిద్దె ఎక్కుతోంది.

మధ్యాహ్నానికి కాకర మాట మారింది. గాయం. గాయం. దాహం.

"నీళ్ళు పోస్తే తప్పా హైమా?"

"తప్పేం కాదమ్మా."

ఆవిడ పోసింది. చాలు అని రాలేదు. మళ్ళీ పోసింది. కామేశం బకెట్లు మోసిచ్చాడు. ఇద్దరూ సాయంత్రం దాకా అలా పోస్తూనే ఉన్నారు, బతుకుతుందని కాదు. కాకర మధ్యమధ్యలో దాహం మాని, పక్క మిద్దెకి చెప్పు అంటూనే ఉంది.

మర్నాడు ఉదయం గుడ్లు కనపడ్డాయి. భార్యాభర్తలు ఇద్దరూ చేతులకి గుడ్డలు కట్టుకుని పీకడం మొదలుపెట్టారు. దొండపాదు వేరు ఏళ్ళ నాటిది, ఊడి రాలేదు. కామేశం గునపం తెచ్చాడు. శేషారత్నం అతని చేతిలోంచి తీసుకుని, మెల్లిగా మట్టి వదులు చేసి, రెండు చేతులతో తనే ఎత్తి సంచిలో పెట్టింది. ఆవిడ ఏడవలేదు. కామేశం ముఖం తిప్పుకుని మైదానం వైపు చూస్తూ చాలాసేపు ముక్కు చీదాడు, దుమ్ము అన్నాడు.

కాకర కేక, నూనె కొట్టుకున్న నాలుగైదు వీధుల్ని కాపాడి, లాకుల వీధి మొదట్లో బలహీనపడింది. ఇప్పుడు అక్కడ ఇంకో మిద్దె అరవాలి. హైమ ఆ వీధి శాఖలో సంగతి రాసింది. ఎవరూ పలకలేదు. పొద్దున్న వరదలా రాసినవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఊరుకున్నారు. ఆ వీధిలో పెద్ద మిద్దె జగ్గరాజుగారిది.

జగ్గరాజుగారు రాస్తున్నారు అని కనపడింది. ఆగిపోయింది. మళ్ళీ కనపడింది. మళ్ళీ ఆగిపోయింది. ఒక్క వాక్యానికి అంతసేపా అని కామేశం గోళ్ళు కొరుక్కున్నాడు.

"చెర్రీ ఉంచుతున్నానండి" అని వచ్చింది. కాసేపాగి ఇంకోటి. "నాటు కూడానండి. గాలి ఏది ఏ ఉపశాఖో చూడదు కదండి, ఆయ్."

అక్కణ్ణించి ఇంక ఎవర్నీ అడగవలసిన పని లేకపోయింది. లాకుల వీధి తర్వాత రైసుమిల్లు వీధిలో ఇద్దరు పోటీపడ్డారు. చిక్కుడు శాఖ కావాలని గోల చేసినాయన తన పందిరి ఇస్తానంటే, ఆయనకి పడని పక్కింటాయన "నీకు పిల్ల పెళ్ళి ఉంది, భోజనాలకి కాయలు కావాలి, నాది ఉంచుతా" అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకుని ఆరేళ్ళయిందట. కేక వీధి నించి వీధికి, పేట నించి పేటకి పోయింది. ఎక్కడికక్కడ మనుషులు మిద్దెలెక్కారు. పురుగుకి వాలడానికి అరిచే మిద్దెలు తప్ప చోటు దొరకలేదు. వాలిన చోట గుడ్లతో సహా సంచుల్లోకి పోయింది. శుక్రవారం నాటికి ఊరి ఆ చివర రైలుకట్ట దగ్గర ఆకుచెవులన్నీ దాహమనీ ఎండ అనీ మామూలు కబుర్లు చెప్పుకున్నాయి. హైమ కట్టకి ఇవతలా అవతలా ఆకులు తిరగేసి, రోజంతా వెతికి, ఒక్క పురుగు కనపడలేదని రాసింది.

బృందం ఒక్కసారిగా విరగబూసింది. ఎవరో డప్పుల చప్పుడు పెట్టారు. ఎవరో కాజాల ఫోటో పెట్టారు. వంకాయవాడొకడు 'చావనీ' అన్నది తనేనని ఒప్పుకుని జగ్గరాజుగారికి దండం పెట్టాడు. అన్నీ ఒకే వీధి శాఖలో, ఒకదాని మీద ఒకటి. పప్పూ ఇంగువా గ్యాసూ పిల్ల పెళ్ళీ, మధ్యలో ఒక బెండమొక్క దాహమంటే పక్కింటావిడ "నీ యజమాని ఊళ్ళో లేడు, నేను పోస్తున్నా ఉండు" అని జవాబు. కామేశం చేతులు దురద పెట్టాయి గానీ ఒక్కదాన్నీ కదపలేదు. పైగా బెండమొక్క కింద తనూ ఒకటి రాశాడు: "యజమాని ఊరెళ్తే ఊరుకుంటామా, ఊరంతా యజమానులమే."

"బానే ఉంది" అంది శేషారత్నం భుజం మీంచి చూసి. "కాకపోతే 'ఊ'లు ఎక్కువయ్యాయి."

ఆ మధ్యాహ్నం పిఠాపురం నించి ఒక సందేశం వచ్చింది. అక్కడి మిద్దెతోటవాళ్ళు కొత్తగా బృందం పెట్టుకుంటున్నారట. చర్చలు ఎన్ని శాఖలుగా విభజించాలో, పేర్లేమి పెట్టాలో, నియమాలేమిటో అనుభవజ్ఞులైన కామేశంగారు దయచేసి తెలియజేయాలట.

అనుభవజ్ఞుడు పొంగిపోయాడు. ఖాళీ మిద్దె మీద, ఖాళీ కుండీల మధ్య కుర్చీ వేసుకుని రాయడానికి కూర్చున్నాడు. మొదటి నియమం, దానికో ఉపనియమం, ఉపనియమానికి మినహాయింపు. ఒక పేజీ అయింది. చదువుకున్నాడు. చుట్టూ మట్టి మాత్రం మిగిలిన కుండీలకేసి చూశాడు. పేజీ అంతా కొట్టేసి మళ్ళీ రాశాడు.

"అయ్యా, ముందు మీ పక్క మిద్దె ఎవరిదో కనుక్కోండి. వాళ్ళ మాట మీకూ, మీ మాట వాళ్ళకీ వినపడేట్టు కూర్చోండి. పేర్లంటారా, మీ ఇష్టం."

పంపేలోపల కింద మెట్ల దగ్గర అలికిడైంది. తొంగిచూస్తే వీధి నిండా జనం. ఎవరి చేతిలో చూసినా కుండీయే. జుబేదా ముందు నడుస్తోంది, చంకలో బచ్చలి తీగ. ఆవిడ వెనక గుడి సెంటరువాళ్ళు, పోస్టాఫీసు వీధివాళ్ళు. అరిచిన మిద్దెలన్నిటికీ ఇలాగే ఊరేగింపులు బయల్దేరాయట. తన మిద్దె కూడా బోసిగా ఉన్న జగ్గరాజుగారు, అది నింపడానికి వచ్చినవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి కాఫీలిచ్చి, తను ఇటు వచ్చేశారు. అందరికంటే పెద్ద కుండీ ఆయనదే, నర్సరీలో కొన్న, నిండా కాసిన నిమ్మ. మెట్ల మలుపులో ఇరుక్కుపోయి పైకీ రాలేక, కిందికీ పోలేక నిలబడి ఉన్నారు.

"కామేశంగారూ, ఇది ఏ వరసలో పెట్టాలండి? కొలిచి చెప్పండి, ముగ్గేసి గీత గీస్తాను."

"ముందు పైకి రానివ్వండి రాజుగారూ" అన్నాడు కామేశం. సందేశం పంపించి, ఫోన్ జేబులో వేసుకుని, నిమ్మకుండీ రెండో వైపు పట్టుకోవడానికి మెట్లు దిగాడు.